ఇటలీ ఊళ్ళు చూసొద్దాం రండి

యూరప్ ఖండానికి దక్షిణాన ఇటలీ దేశం ఉంది. ప్రపంచ పటంలో వెతకండి. సముద్రంలోకి చాచిన కాలులాగా కనిపిస్తుంది. ఆ కాలికి ఎత్తు మడమ బూటు తొడిగినట్టు ఉంటుంది. అందుకే పటంలో ఇటలీని గుర్తుపట్టడం తేలిక. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపితే ఎంతో, ఇటలీ దానికన్నా కొంచెం పెద్దది. జనాభా సుమారు 6 కోట్లు.

అక్కడి పాత ఊళ్ళు చూడడానికి ఏటా కోట్ల మంది వస్తారు. చాలామంది గుంపులుగా వస్తారు. గుంపుకి ఒక గైడు ఉంటుంది. గైడు అంటే ఊరు తిప్పి చూపించి, దాని కథ చెప్పే మనిషి. ఈ పనిలో ఆడవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. ఊరికే చేయనివ్వరు. పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకోవాలి.

గైడు ముందు నడుస్తుంది. చేతిలో గొడుగో, రంగు గుడ్డ కట్టిన కర్రో పైకెత్తి పట్టుకుంటుంది. గుంపు దాన్ని చూసుకుంటూ వెనక నడవాలి. తిరణాలలో పిల్లల్ని కొంగు వదలొద్దంటారు చూడండి, ఇదీ అలాంటిదే. యాత్రికుల చెవుల్లో చిన్న పరికరాలు పెడతారు. గైడు మెల్లగా మాట్లాడినా అందరికీ వినపడుతుంది.

గైడు చెప్పేది వినాల్సిందే. కానీ ఆ ఊళ్ళల్లో గోడలు కూడా చాలా చెబుతాయి. ఎక్కడ చూసినా రాతలే. రాతి మీద చెక్కిన రాతలు, ఇనుము మీద పోత పోసిన రాతలు. ఎవరు కట్టించారు, ఎప్పుడు కట్టించారు, ఏరు ఎంత ఎత్తు పొంగింది, అన్నీ రాసి ఉంటాయి. చదివేవాళ్ళకి అవి కబుర్లు. చదవనివాళ్ళకి గీతలు.

రోములో నీళ్ళు

రోము ఇటలీకి రాజధాని. రెండు వేల ఏళ్ళ కిందట అది పెద్ద సామ్రాజ్యానికి రాజధాని. అప్పుడే అక్కడ లక్షల మంది ఉండేవాళ్ళు. అంతమందికి నీళ్ళెలా?

కరెంటు లేదు, మోటార్లు లేవు. నీరు పల్లమెరుగు. ఆ ఒక్క సంగతి మీదే వాళ్ళు పని చేశారు. దూరంగా మెరక మీద ఊట ఎక్కడుందో చూసేవాళ్ళు. అక్కడినుంచి ఊరిదాకా రాతి కాలవ కట్టేవాళ్ళు. కాలవ పొడుగునా వాలు కొంచెం కొంచెంగా దిగుతూ రావాలి. వాలు ఎక్కువైతే కాలవ కోసుకుపోతుంది, తక్కువైతే నీళ్ళు నిలబడిపోతాయి. కొండ అడ్డొస్తే తొలిచారు. లోయ అడ్డొస్తే కమానులు కట్టి వాటిమీద కాలవ నడిపించారు. రోముకి అలాంటి పెద్ద కాలవలు 11 ఉండేవి.

అందులో ఒకటి అగ్రిప్పా అనే అధికారి తెప్పించాడు. క్రీ.పూ. 19లో తెప్పించాడు. సుమారు 20 కిలోమీటర్ల కాలవ అది. దాని పేరు 'కన్య నీరు'. ఎందుకంటే, దాహంతో తిరుగుతున్న సిపాయిలకి ఒక చిన్నపిల్ల ఆ ఊట చూపించిందట. ఆ పిల్ల పేరు ఎవరూ రాసిపెట్టలేదు. అయినా ఆమె బొమ్మ మాత్రం ఉంది. రోములో ట్రెవీ అనే గొప్ప ఫౌంటెన్ ఉంది. 1762లో పూర్తయింది. దాని గోడ మీద ఆ పిల్ల సిపాయిలకి ఊట చూపిస్తున్నట్టు చెక్కారు. ట్రెవీకి నీళ్ళు వచ్చింది ఆ 'కన్య నీరు' కాలవ నుంచే.

యాత్రికులు ట్రెవీ దగ్గర వెనక్కి తిరిగి, భుజం మీదుగా నీళ్ళలోకి నాణెం వేస్తారు. వేస్తే మళ్ళీ రోము వస్తామని నమ్మకం. మన పుష్కరాలలో గోదావరిలో రూపాయి వేయడం లాంటిదే. ఆ నాణేలు తీసి పేదవాళ్ళ సాయానికి ఇస్తారు.

వీధుల్లో ఇంకో మంచి ఏర్పాటు ఉంది. మనిషి నడుము ఎత్తున ఇనుప కుళాయి స్తంభాలు ఉంటాయి. 1874 నుంచి పెట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు రెండు వేలకు పైగా ఉన్నాయి. వంపు తిరిగిన గొట్టం ముక్కులాగా ఉంటుంది. అందుకని జనం వాటిని 'పెద్ద ముక్కులు' అంటారు. మంచినీళ్ళే, డబ్బులివ్వక్కర్లేదు. గొట్టం చివర వేలు అడ్డం పెడితే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్ళు ఎగజిమ్ముతాయి. వంగకుండా తాగొచ్చు. సీసా నీళ్ళు కొనే యాత్రికులకి గైడు ముందు ఇదే చూపించాలి!

ఆ స్తంభం మీద నాలుగు అక్షరాలుంటాయి. ఎస్, పి, క్యు, ఆర్. మురుగు కాలవల మూతల మీదా అవే ఉంటాయి. 'రోము సభ, రోము ప్రజలు' అని వాటి అర్థం. రెండు వేల ఏళ్ళనాటి ముద్ర అది.

అక్కడినుంచి నాలుగు అడుగులు నడిస్తే పాంథియన్ అనే గుడి వస్తుంది. ఇప్పుడది చర్చి. పెద్ద గుమ్మటం ఉంది. అడ్డంగా కొలిస్తే 43 మీటర్లు. లోపల ఇనుప చువ్వ ఒక్కటి లేదు. సున్నం, అగ్నిపర్వతం బూడిద, రాతి ముక్కలు కలిపి పోశారు. పైకి పోయేకొద్దీ తేలిక రాయి వాడారు. నడినెత్తిన పెద్ద గుండ్రని రంధ్రం ఉంది. వాన పడితే లోపల పడుతుంది. ఆ నీళ్ళు పోవడానికి నేలలో చిన్న చిన్న తూములు పెట్టారు.

గుడి ముందు పెద్ద అక్షరాలున్నాయి. 'మార్కస్ అగ్రిప్పా కట్టించాడు' అని రాసి ఉంది. కాలవ తెప్పించిన అగ్రిప్పానే. కానీ ఇప్పుడు కనిపించే గుడి ఆయన కట్టించింది కాదు. ఆయన గుడి కాలిపోయింది. వందేళ్ళు దాటాక హేడ్రియన్ అనే చక్రవర్తి మళ్ళీ కట్టించాడు. తన పేరు వేసుకోకుండా పాత పేరే ఉంచాడు. చాలాకాలం పండితులు కూడా ఆ రాత చూసి పొరపడ్డారు. తరువాత ఇటుకల మీద వేసిన ముద్రలు చదివి అసలు సంగతి తేల్చారు. రాసి ఉన్నంత మాత్రాన నిజం అయిపోదు. రెండో రాత కూడా చదవాలి.

కొలోసియం గురించి అందరూ వినే ఉంటారు. కోడిగుడ్డులా కోలగా, అంతస్తులు అంతస్తులుగా ఉండే ఆటల బయలు. క్రీ.శ. 80లో తెరిచారు. 50 వేల మంది కూర్చునేవాళ్ళు. మనుషులు మనుషులతో, మనుషులు జంతువులతో చచ్చేదాకా పోట్లాడుతుంటే చూసి చప్పట్లు కొట్టేవాళ్ళు. పెద్దవాళ్ళకి ముందు వరసలు. ఆడవాళ్ళకి అన్నిటికన్నా పైన, చివరి వరసలు. కట్టడం గొప్పదే. అందులో జరిగిన పని గొప్పది కాదు.

చర్చీలు చూడాలంటే భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. చీర కట్టినవాళ్ళకి ఆ బాధ లేదు.

ఫ్లోరెన్సులో సగం బిళ్ళ

రోము నుంచి ఉత్తరానికి రైలెక్కితే ఒకటిన్నర గంటలో ఫ్లోరెన్సు వస్తుంది. ఆర్నో అనే ఏటి ఒడ్డున ఉంది. ఒకప్పుడు ఉన్ని, పట్టు వ్యాపారంతో డబ్బు గడించిన ఊరు. ఆ డబ్బుతోనే గొప్ప బొమ్మలు, గొప్ప భవనాలు వచ్చాయి. స్టేషను దిగగానే పెద్ద చర్చి మీద ఎర్రటి గుమ్మటం కనిపిస్తుంది. బ్రూనెల్లెస్కి అనే మేస్త్రి 1420లో మొదలుపెట్టి 1436లో పూర్తి చేశాడు. 40 లక్షలకు పైగా ఇటుకలు పట్టాయి. పైకెక్కడానికి 463 మెట్లు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద కూర్చోవడం మంచిది.

యాత్రికులందరూ గుమ్మటం దగ్గర ఆగుతారు. అదే మేస్త్రి కట్టిన ఇంకో భవనం దగ్గరికి కొద్దిమందే వెళతారు. ఆ భవనం పేరు ఇన్నొచెంతి. అంటే ఏ పాపం ఎరుగని పసివాళ్ళు అని అర్థం. అనాథ పిల్లల కోసం కట్టిన ఇల్లు అది. పట్టు వ్యాపారుల సంఘం కట్టించింది. ముందు వరసగా కమానులు, వాటిపైన నీలం బిళ్ళలు. ప్రతి బిళ్ళలో పొత్తిగుడ్డల్లో చుట్టిన ఒక పసిబిడ్డ బొమ్మ.

1445 ఫిబ్రవరిలో మొదటి బిడ్డ వచ్చింది. ఆడపిల్ల. అగాతా అని పేరు పెట్టి పుస్తకంలో రాసుకున్నారు. ఆ తరువాత ఏళ్ళకేళ్ళు పిల్లలు వస్తూనే ఉన్నారు. తొలి రోజుల్లో వదిలిపోయిన వాళ్ళలో మగపిల్లల కన్నా ఆడపిల్లలే ఎక్కువ. ఎందుకో చెప్పక్కర్లేదు. కట్నం అక్కడా ఉండేది.

తల్లులు ఎందుకు వదిలారు? కొందరికి తిండి లేదు. కొందరికి పెళ్ళి కాలేదు. కొందరు ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు. కొందరు బానిసలు. బిడ్డని వదలడం అంటే మనసు చంపుకోవడమే. 'ఎప్పటికైనా వచ్చి తీసుకుపోతాను' అనే ఆశ ఉంటుంది కదా. కానీ పదేళ్ళ తరువాత వస్తే తన బిడ్డ ఎవరో ఎలా తెలుస్తుంది? తన పేరు కాగితం మీద రాసి పెడదామంటే చాలామందికి రాయడం రాదు.

అందుకని ఒక ఉపాయం చేశారు. ఒక నాణేన్నో, దేవుడి బిళ్ళనో రెండు ముక్కలు చేసేవాళ్ళు. సగం ముక్క బిడ్డ గుడ్డల్లో పెట్టేవాళ్ళు. రెండో సగం తల్లి దాచుకునేది. తిరిగి వచ్చిననాడు రెండు ముక్కలు అతికితే తల్లీబిడ్డలని గుర్తు. పూసలు, రిబ్బను ముక్కలు పెట్టినవాళ్ళూ ఉన్నారు. అక్కడి గుమాస్తాలు ఏ బిడ్డతో ఏ గుర్తు వచ్చిందో జాగ్రత్తగా రాసిపెట్టారు. ఆ పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ సగం బిళ్ళలు కొన్ని అక్కడి మ్యూజియంలో చిన్న చిన్న అరల్లో పెట్టారు. ఒక్కో అరకి ఒక్కో పేరు. రెండో సగం రాలేదు కాబట్టే అవి అక్కడ మిగిలాయి.

బిడ్డల్ని రహస్యంగా వదిలే కిటికీని 1875లో మూసేశారు. ఆ సంస్థ మాత్రం పిల్లల కోసం ఇంకా పనిచేస్తోంది.

ఇంత గొప్ప కట్టడాలున్న దేశంలో జనానికి చదువు రాదా అనిపిస్తుంది. నిజంగానే రాదు. 1861లో ఇటలీ ముక్కలన్నీ కలిసి ఒక రాజ్యం అయింది. అప్పుడు నూటికి 70 మందికి పైగా నిరక్షరాస్యులు. వందేళ్ళు గడిచినా పల్లెల్లో లక్షల మంది పెద్దవాళ్ళు వేలిముద్రలే వేసేవాళ్ళు. అప్పుడు ప్రభుత్వ టీవీలో ఒక పాఠం మొదలుపెట్టారు. 1960 నుంచి 1968 దాకా నడిచింది. దాని పేరుకి అర్థం 'ఎప్పుడూ ఆలస్యం కాలేదు' అని. ఆల్బెర్టో మాంజీ అనే బడిపంతులు చెప్పేవాడు. పెద్ద కాగితం మీద బొగ్గుతో బొమ్మ గీసేవాడు. బొమ్మ పక్కన మాట రాసేవాడు. అప్పట్లో అందరిళ్ళలో టీవీ ఎక్కడిది? పని నుంచి వచ్చినవాళ్ళు సాయంత్రం ఒకచోట చేరి, టీవీ ముందు పలకాబలపం లాంటివి పట్టుకుని కూర్చునేవాళ్ళు. ముసలమ్మలు కూడా వచ్చేవాళ్ళు.

ఫ్లోరెన్సు గోడల మీద ఇంకో రకం రాత ఉంది. తలెత్తి చూడాలి. ఒక గీత ఉంటుంది. పక్కన '4 నవంబరు 1966' అని ఉంటుంది. ఆ రోజు తెల్లవారుజామున ఆర్నో ఏరు పొంగి ఊళ్ళోకి వచ్చింది. కొన్ని వీధుల్లో 20 అడుగుల ఎత్తున నీళ్ళు నిలిచాయి. నీళ్ళతోపాటు బురద, మండే నూనె. ఏటి పక్కనే జాతీయ గ్రంథాలయం ఉంది. అందులో పది లక్షలకు పైగా పుస్తకాలు, పత్రికలు పాడయ్యాయి. ఎవరూ పిలవకుండానే దేశదేశాల నుంచి కుర్రాళ్ళు, అమ్మాయిలు వచ్చారు. వరసలో నిలబడి ఒక చేతినుంచి ఒక చేతికి బురద పుస్తకాలు అందించారు. జనం వాళ్ళకి 'బురద దేవతలు' అని పేరు పెట్టారు. అన్ని తడి పుస్తకాలు ఎక్కడ ఆరబెట్టాలి? పొగాకు కాల్చే బ్యారన్లలో ఆరబెట్టారు. ప్రకాశం జిల్లాలో పొగాకు పని చేసినవాళ్ళకి ఆ వేడి ఎలాంటిదో తెలుసు.

వంగిన గోపురం

ఫ్లోరెన్సు నుంచి పడమరగా గంట ప్రయాణం చేస్తే పీసా. అక్కడి గోపురం ఫొటో చూడనివాళ్ళు తక్కువ. 'ఇదేంటి, పడిపోతుందేమో!' అనిపిస్తుంది. యాత్రికులు దూరంగా నిలబడి, గోపురాన్ని చేత్తో ఆపుతున్నట్టు ఫొటోలు దిగుతారు.

1173లో పునాది వేశారు. అడుగున మెత్తటి ఒండ్రు నేల. మూడో అంతస్తు లేచేసరికే ఒరగడం మొదలైంది. ఇంతలో యుద్ధాలు వచ్చి పని ఆగిపోయింది. దాదాపు వందేళ్ళు ఆగింది. ఆ ఆగడమే మేలు చేసింది. బరువుకి నేల మెల్లగా అణిగి గట్టిపడింది. ఏకబిగిన కట్టి ఉంటే అప్పుడే కూలేది.

1989లో పావియా అనే ఇంకో ఊళ్ళో పాత గోపురం ఉన్నట్టుండి కూలి నలుగురు చనిపోయారు. దాంతో భయపడి 1990లో పీసా గోపురం మూసేశారు. ఇంజనీర్లు ఏళ్ళతరబడి ఆలోచించారు. వంగిన వైపు నేలని గట్టి చేద్దామంటే తవ్వితే ఇంకా ఒరుగుతుంది. అందుకని రెండోవైపుకి వెళ్ళారు. గోపురం దక్షిణానికి వంగింది. ఉత్తరం వైపు పునాది కింద సన్నటి గొట్టాలతో కొంచెం కొంచెంగా మట్టి తీశారు. అటువైపు నేల దిగింది. గోపురం ఒకటిన్నర అడుగు వెనక్కి వచ్చింది. మంచం కోడు ఎత్తు తక్కువైతే మిగతా కోళ్ళు కోసినట్టే. 2001లో మళ్ళీ జనాన్ని ఎక్కనిచ్చారు. పూర్తిగా నిలబెట్టలేదు. నిటారుగా నిలబెడితే చూడ్డానికి ఎవరొస్తారు?

పాదువాలో ఒక పట్టా

పీసా చూసి ఫ్లోరెన్సు వచ్చి, వెనిస్ రైలెక్కితే దారిలో పాదువా వస్తుంది. గుంపులు ఇక్కడ దిగడం తక్కువ. దిగాల్సిన ఊరే. 1222 నుంచి అక్కడ విశ్వవిద్యాలయం ఉంది. దాని మెట్ల దగ్గర ఒక స్త్రీ విగ్రహం ఉంది. పేరు ఎలెనా కొర్నారో. 1646లో వెనిస్‌లో పుట్టింది. లాటిన్, గ్రీకు లాంటి భాషలు ఎన్నో నేర్చింది. మతశాస్త్రంలో పట్టా కావాలని అడిగింది. మతపెద్ద 'ఆడది మతం బోధించడమేంటి' అని ఒప్పుకోలేదు. చివరికి తత్వశాస్త్రంలో పరీక్ష పెట్టడానికి ఒప్పుకున్నారు. 1678 జూన్ 25న పరీక్ష. చూడ్డానికి వచ్చిన జనం విశ్వవిద్యాలయంలో పట్టలేదు. పెద్ద చర్చిలోకి మార్చారు. ఆమె లాటిన్‌లో జవాబులు చెప్పింది. డాక్టరు పట్టా ఇచ్చారు. ప్రపంచంలో విశ్వవిద్యాలయం నుంచి ఆ పట్టా పొందిన మొదటి స్త్రీగా ఆమెను చెబుతారు. ఆ తరువాత తలుపు మళ్ళీ మూసుకుంది. లారా బస్సి అనే ఆమెకి బొలోన్యా ఊళ్ళో పట్టా వచ్చేసరికి 1732 అయింది.

వెనిస్‌లో కావడి

పాదువా దాటాక రైలు సముద్రం మీద వంతెన ఎక్కుతుంది. వంతెన చివర వెనిస్. వందకు పైగా చిన్న దీవుల మీద కట్టిన ఊరు. బురదలో లక్షల దుంగలు దిగ్గొట్టి, వాటిమీద రాళ్ళు పరిచి ఇళ్ళు కట్టారు. ఊళ్ళో కారు లేదు, స్కూటరు లేదు. బస్సుకి బదులు పడవ. అంబులెన్సూ పడవే. చెత్తబండీ పడవే.

చుట్టూ నీళ్ళు, కానీ అన్నీ ఉప్పునీళ్ళు. మంచినీళ్ళు వాననీళ్ళే. ఊరి మధ్య ఖాళీ స్థలం ఉంటే అడుగున గొయ్యి తీసేవాళ్ళు. ఉప్పునీరు ఊరకుండా చుట్టూ బంకమట్టి మెత్తేవాళ్ళు. గోతినిండా ఇసుక పోసేవాళ్ళు. మధ్యలో ఇటుక బావి. పైన పరిచిన రాళ్ళ సందుల్లోంచి వాననీరు ఇసుకలోకి దిగి, వడకట్టుకుని బావిలో చేరేది. అలాంటి బావులు వేలు ఉండేవి. చెక్కడాలున్న రాతి ఒరలు ఇప్పటికీ వీధివీధినా కనిపిస్తాయి. యాత్రికులు వాటి మీద సంచులు పెట్టుకుంటారు.

ఆ నీళ్ళు ఇళ్ళకి మోసింది ఎక్కువగా ఆడవాళ్ళే. కొండప్రాంతాల నుంచి బతుకుతెరువుకి వచ్చిన పేదపిల్లలు. భుజాన కావడి, రెండు పక్కలా రెండు రాగి బిందెలు. వంతెనల మెట్లు ఎక్కి దిగి, ఇంటింటికీ నీళ్ళు పోసేవాళ్ళు. 1884లో గట్టు మీదనుంచి గొట్టాల్లో నీళ్ళు వచ్చాయి. కావడి మోత తగ్గింది, ఆ కూలీ కూడా పోయింది.

ఊరి పెద్ద భవనంలో గోడకి రాతి ముఖం ఉంది. నోరు తెరిచి ఉంటుంది. ఎవరిమీదైనా ఫిర్యాదు రాసి ఆ నోట్లో వేయాలి. వెనక గదిలో అధికారులు తీసి చదివేవాళ్ళు. నీళ్ళు మోసే పిల్ల కష్టం మాత్రం ఆ నోట్లోకి వెళ్ళడం కష్టమే. రాయడం రావాలి కదా.

మార్కో పోలోది ఈ ఊరే. చైనా దాకా వెళ్ళి వచ్చిన వర్తకుడు. తిరిగొచ్చాక యుద్ధంలో పట్టుబడి జైల్లో పడ్డాడు. అక్కడ అతను చెబుతుంటే పీసా ఊరి మనిషి రుస్తికెల్లో రాశాడు. ఆ పుస్తకంలో తెలుగుదేశం ఉంది! కాకతీయుల రేవు మోటుపల్లి పేరు మీద ఆ రాజ్యం గురించి చెప్పాడు. అక్కడ ఒక రాణి న్యాయంగా పాలిస్తోందన్నాడు. సాలెగూడు లాంటి సన్నటి బట్ట నేస్తారన్నాడు. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారులు అంటారు. పుస్తకంలో మాత్రం రాజుగారి భార్య అని పడింది. రుద్రమ గణపతిదేవుడి కూతురు. ఆ గణపతిదేవుడే 1244లో మోటుపల్లిలో శాసనం వేయించాడు. ఓడల వర్తకులకి భయం లేదని అభయం ఇచ్చాడు. ఆ రాతి స్తంభం మోటుపల్లి గుడిలో ఉంది.

వెనిస్‌కి సముద్రం పోటు పెద్ద బాధ. 2019 నవంబరులో ఊరు దాదాపుగా మునిగింది. 2020 నుంచి సముద్రం వచ్చే మూడు దారుల్లో 78 ఇనుప తలుపులు పనిచేస్తున్నాయి. మామూలుగా అవి నీటి అడుగున పడుకుని ఉంటాయి. పోటు వస్తుందంటే గాలి నింపుతారు, లేచి అడ్డం నిలబడతాయి.

నీళ్ళకి తలుపులు పెట్టారు. జనానికి పెట్టడం కష్టమైంది. యాత్రికులు పెరిగేకొద్దీ ఇళ్ళు హోటళ్ళు అయ్యాయి. అద్దెలు పెరిగాయి. కూరగాయల కొట్టు పోయి బొమ్మల కొట్టు వచ్చింది. 1951లో పాత ఊళ్ళో లక్షా 70 వేలకు పైగా జనం ఉండేవాళ్ళు. 2024లో ఒక్క పూట చూసిపోయేవాళ్ళకి కొన్ని రోజుల్లో 5 యూరోల రుసుము పెట్టారు. జనం తగ్గుతున్న సంగతి అందరికీ తెలియాలని 2008లోనే అక్కడివాళ్ళు ఒక పని చేశారు. వంతెన దగ్గర మందుల షాపు కిటికీలో అంకెల బోర్డు పెట్టారు. ఊళ్ళో ఇంకా ఎంతమంది ఉంటున్నారో అది చూపిస్తుంది. పెట్టినప్పుడు 60 వేలు దాటి ఉంది. 2022లో 50 వేల కిందికి దిగింది.